చదివిన గంటలతో పాటు పడుకున్న గంటలూ లెక్కపెట్టండి

నిన్న ఎన్ని గంటలు చదివారని అడిగితే మీలో చాలామంది ఠక్కున చెప్పేస్తారు. ఎన్ని గంటలు పడుకున్నారని అడిగితే మాత్రం కాస్త ఆలోచించాలి. 'పడుకునేసరికి ఒంటిగంటన్నర అయింది, మళ్లీ ఐదున్నరకు లేచా' అంటారు. ఆ మాట చెప్పేటప్పుడు గొంతులో దిగులు ఉండదు. కొంచెం గర్వం కూడా ఉంటుంది. మనకు చిన్నప్పటి నుంచి నూరిపోసింది అదే మరి. పక్కింటి కుర్రాడి గదిలో రాత్రి రెండింటి దాకా లైటు వెలుగుతోందంటే వీధంతా మెచ్చుకుంటుంది. పదిన్నరకు లైటు ఆర్పేసినవాడిని చూసి 'వీడికేం ఉద్యోగం వస్తుంది' అని పెదవి విరుస్తుంది.

ఈ మెప్పు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. నిద్ర తగ్గించుకుని చదవడం కష్టపడటం కిందికి రాదు. అది అప్పు చేయడం. ఆ అప్పు రాసుకునే పుస్తకం మీ గుండె దగ్గర, రక్తనాళాల దగ్గర ఉంటుంది. ఇరవై రెండేళ్ల వయసులో అది కనిపించదు. వడ్డీ మాత్రం ఆ రాత్రి నుంచే మొదలవుతుంది. ఉద్యోగం కోసం పరిగెడుతున్న మీరే ఈ సంగతి ముందు తెలుసుకోవాలి. ఎందుకంటే ఆ పరుగు చివర్లో మీ మార్కులతో పాటు మీ ఒంటినీ పరీక్షించే ఉద్యోగాలు చాలా ఉన్నాయి.

ప్రత్తిపాడు పిల్లల రోజు

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్లనే తీసుకుందాం. యనమదల, నడింపాలెం, గొట్టిపాడు లాంటి ఊళ్ల నుంచి గుంటూరు కాలేజీలకు వెళ్లే పిల్లల రోజు ఎలా ఉంటుందో ఒకసారి లెక్క వేద్దాం. ఏడింటికి బస్సు అందుకోవాలంటే ఐదున్నరకు లేవాలి. సాయంత్రం ఇంటికి చేరేసరికి ఆరున్నర. స్నానం, భోజనం అయ్యేసరికి ఎనిమిది. అక్కడి నుంచి పోటీ పరీక్షల పుస్తకాలు. కాలేజీ చదువుకూ ఉద్యోగం చదువుకూ కలిపి మిగిలేది రాత్రే. అందుకే అందరూ ఆ రాత్రినే కోస్తారు.

పత్తి తీతలు మొదలైతే, ఆ తర్వాత మిరప కోతలు వస్తే ఈ లెక్క ఇంకా బిగుసుకుపోతుంది. అమ్మ తెల్లవారుజామునే లేచి క్యారేజీలు కట్టాలి. కూలీల ఆటో వచ్చేలోపు ఇంట్లో పని అయిపోవాలి. ఆ హడావుడిలో ఎవరూ పడుకోలేరు. ఆడపిల్లలైతే అమ్మతో పాటే లేవాలి. అన్నదమ్ములు ఇంకో గంట పడుకున్నా ఎవరూ ఏమనరు, ఆ గంట వీళ్లకు దొరకదు. కల్లంలో కాయలు ఎండుతున్న రోజుల్లో రాత్రి కాపలాకు నాన్నతో పాటు కొడుకూ వెళ్తాడు. ఆకాశంలో మబ్బు కనిపిస్తే అర్ధరాత్రి అయినా లేచి కాయల మీద పట్టలు కప్పాల్సిందే.

కాబట్టి 'ఎనిమిది గంటలు హాయిగా నిద్రపోండి' అని ఊరికే సలహా ఇస్తే మీకు నవ్వొస్తుంది. ఆ నవ్వులో న్యాయం ఉంది. రోజులో చాలా భాగం మన చేతిలో ఉండదు, నిజమే. మన చేతిలో ఉన్న కాస్త సమయంలో మొదట కోత పడాల్సింది దేనికి? ఫోనుకా, నిద్రకా? ఇప్పటివరకు కోత ఎప్పుడూ నిద్రకే పడుతోంది.

రాత్రిపూట గుండెకూ కాస్త తెరిపి

నిమిషానికి 70 సార్లు అనుకున్నా, గుండె రోజుకు లక్ష సార్లు కొట్టుకుంటుంది. దానికి సెలవు లేదు. సెలవు లాంటిది ఒక్కటే ఉంది, అదే మన నిద్ర. మనం గాఢంగా నిద్రపోయినప్పుడు ఒంట్లో ఉరుకులు పెట్టించే నరాల వ్యవస్థ నెమ్మదిస్తుంది. గుండె వేగం తగ్గుతుంది. రక్తనాళాలు కాస్త వదులవుతాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో పగటితో పోలిస్తే రాత్రి బీపీ 10 నుంచి 20 శాతం దాకా దిగుతుంది. పగలు 120 ఉన్న పై అంకె రాత్రి 100 దగ్గరకు రావడం మామూలే.

రాత్రి రెండింటి దాకా మేలుకుంటే ఈ దిగుడు ఆలస్యంగా మొదలై, త్వరగా ముగుస్తుంది. ఏడు గంటలు తక్కువ ఒత్తిడిలో ఉండాల్సిన రక్తనాళాలకు నాలుగు గంటలే తెరిపి దొరుకుతుంది. మిగతా ఇరవై గంటలూ పగటి ఒత్తిడే. అలా రోజు మొత్తం సగటు బీపీ పెరుగుతుంది. రాత్రి కూడా బీపీ సరిగా దిగని వాళ్లకు గుండెజబ్బు, పక్షవాతం ముప్పు ఎక్కువని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు.

దీనికి తోడు తిండి. నిద్ర చాలనప్పుడు ఆకలిని పెంచే హార్మోను ఎక్కువవుతుంది. అర్ధరాత్రి పన్నెండింటికి మనసు చిప్స్ మీదకూ, బజ్జీల మీదకూ, నూడుల్స్ మీదకూ పోవడం ఊరికే కాదు. అవన్నీ ఉప్పు, నూనె. అసలే మన వైపు కంచంలో పచ్చడి లేనిదే ముద్ద దిగదు. ఆ ఉప్పుకు ఈ ఉప్పు తోడైతే బీపీకి ఇంకేం కావాలి?

మన ఒంట్లో రాత్రీ పగలూ తెలిసే గడియారం ఒకటి ఉంది. అది కణాల లోపల ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. సోమవారం పదికి, మంగళవారం రెండింటికి, ఆదివారం తెల్లారుజామున నాలుగింటికి పడుకుంటుంటే ఆ గడియారం ఏ వేళను నమ్మాలి?

43 నిమిషాలు చేసిన పని

'సరే, ఒక గంట ఎక్కువ పడుకుంటే ఏం ఒరుగుతుంది?' అంటారా? ఈ ప్రశ్ననే అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కాలేజీ విద్యార్థుల మీదే పరీక్షించి చూశారు. సగటున ఇరవై ఏళ్లున్న 53 మందిని ఒక వారం ఎప్పటిలాగే పడుకోమన్నారు. తర్వాతి వారం రోజూ ఒక గంట ఎక్కువ పడుకోమన్నారు. చెప్పినంత అందరూ పడుకోలేకపోయారు. సగటున 43 నిమిషాలే పెరిగింది. అయినా బీపీలో పై అంకె సగటున 7 పాయింట్లు దిగింది. పగటిపూట మగతా తగ్గింది. 2020లో ఈ ఫలితాలు ఒక వైద్య పత్రికలో వచ్చాయి.

యాభై మూడు మంది అంటే చిన్న సంఖ్యే. ఒక్క వారంతో అంతా తేలిపోదు. కానీ ఇందులో మనం గమనించాల్సిన సంగతి ఒకటుంది. వాళ్లెవరూ బీపీ రోగులు కారు. మీ వయసు పిల్లలు. మాత్ర లేదు, డైట్ లేదు, జిమ్ లేదు. ముప్పావుగంట కూడా నిండని అదనపు నిద్ర, అంతే.

అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2010 నుంచి గుండె ఆరోగ్యానికి ఏడు సూత్రాలు చెబుతూ వచ్చింది. తిండి, వ్యాయామం, పొగాకుకు దూరం, బరువు, కొలెస్ట్రాల్, షుగర్, బీపీ. 2022 జూన్‌లో ఎనిమిదోదిగా నిద్రను చేర్చింది. పెద్దవాళ్లకు రోజుకు 7 నుంచి 9 గంటలు ఉండాలంది. అంటే పొగ తాగకపోవడం ఎంత ముఖ్యమో, సరిపడా నిద్ర కూడా ఆ వరుసలోదే.

'గుండెజబ్బులు పట్నం వాళ్లకు, డబ్బున్నవాళ్లకు వస్తాయి, పొలం పని చేసే కుటుంబాలకు రావు' అనే నమ్మకం మనలో ఇంకా ఉంది. ఇరవై ఏళ్ల కిందటే ఇది తప్పని తేలింది. 2003-04లో గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఎవరు ఏ కారణంతో చనిపోతున్నారో ఇంటింటికీ వెళ్లి లెక్క తీశారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ పేరుతో జరిగిన ఆ అధ్యయనంలో మొదటి స్థానంలో నిలిచింది గుండె, రక్తనాళాల జబ్బులే. ప్రతి వంద మరణాల్లో 32 వాటివల్లే. అవి కూడా మన లాంటి ఊళ్లే, మనలాంటి రైతు కుటుంబాలే.

మీ ఇంట్లోనే ఒకసారి చూసుకోండి. నాన్నో, తాతయ్యో, మేనమామో పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుంటున్నారా? అయితే మీకు కూడా వచ్చే అవకాశం కొంత ఎక్కువ. అలాంటి ఇంట్లో పుట్టిన వాళ్లు నిద్ర విషయంలో ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి.

రెండున్నరేళ్ల పరుగుకు నాలుగు గంటల నిద్రా?

ఇప్పుడు మీ అసలు అభ్యంతరానికి వద్దాం. 'పోటీ ఎంతుందో తెలుసా? అందరూ నైటవుట్లు చేస్తుంటే నేనొక్కడినే పడుకుంటే వెనకబడిపోనా?'

పోటీ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ వస్తే 5 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. కానీ ఆ నియామకాలు ఎంతకాలం సాగాయో గుర్తు చేసుకోండి. ప్రిలిమ్స్ 2023 జనవరి 22న. దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది 2024 డిసెంబరు చివర్లో. తుది రాతపరీక్ష 2025 జూన్ 1న. ఫలితాలు వచ్చేసరికి ఆగస్టు. నోటిఫికేషన్ నుంచి ఫలితం దాకా రెండున్నరేళ్లు దాటిపోయింది.

రెండున్నరేళ్లు రోజుకు నాలుగు గంటల నిద్రతో ఎవరూ చదవలేరు. మొదటి రెండు నెలలు ఊపులో లాగిస్తారు. తర్వాత చిరాకు, తలనొప్పి, పుస్తకం ముందు కూర్చున్నా బుర్రకెక్కకపోవడం. కోచింగ్ మధ్యలో మానేసి ఇంటికొచ్చేసిన వాళ్లు మీకూ ఒకరిద్దరు తెలిసే ఉంటారు. వాళ్లలో చాలామందికి తెలివి తక్కువై కాదు, ఒళ్లు మొరాయించి. ఇంత పొడవైన పోటీలో నిలబడేది ఎక్కువ రోజులు ఒకే తీరుగా చదవగలిగిన వాళ్లు.

పైగా మధ్యలో గ్రౌండ్ ఉంది. కానిస్టేబుల్ పోస్టుకు మగపిల్లలు 1,600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. ఆడపిల్లలకు పదిన్నర నిమిషాలు. రాత్రంతా బస్సులో కూర్చుని, తెల్లారుజామున దిగి, వరసలో గంటలు నిలబడి, ఖాళీ కడుపుతో పరుగు మొదలుపెడితే గుండె మీద ఎంత భారం పడుతుందో ఆలోచించండి. 2024 ఆగస్టులో ఝార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ నియామకాల్లో గంటలో 10 కిలోమీటర్ల పరుగు పెట్టారు. ఆ పరీక్షల సమయంలో పదిమందికి పైగా యువకులు చనిపోయారు. ప్రభుత్వం పరుగులను కొన్నిరోజులు ఆపి, ఉదయం 9 దాటాక పరుగు పెట్టించొద్దని ఆదేశించాల్సి వచ్చింది. ఆ మరణాలకు నిద్రలేమే కారణమని నేను అనను. ఎండ ఉంది, నీళ్లు చాలకపోవడం ఉంది, బయటపడని గుండె లోపాలూ ఉండొచ్చు. కానీ వీటన్నిటి మీద రాత్రి జాగారం కూడా పెట్టుకుని గ్రౌండ్‌లో దిగడం తెలివైన పని కాదని మాత్రం అంటాను.

పరుగు లేని ఉద్యోగాలకూ మెడికల్ ఉంది. రైల్వే, సైన్యం, పోలీసు శాఖల్లో ఎంపికైన వాళ్ల బీపీ చూస్తారు. ప్రైవేటు కంపెనీలు కూడా చాలావరకు చేరేముందు ఆరోగ్య పరీక్షలు అడుగుతాయి. ఏళ్ల తరబడి చదివి, చివరి గుమ్మం దగ్గర ఒక అంకె కోసం గుండె గుబగుబలాడే పరిస్థితి ఎందుకు తెచ్చుకోవాలి?

చదివింది నిలవాలన్నా నిద్రే

గుండె సంగతి తర్వాత చూద్దాం, ముందు ఉద్యోగం కావాలి అంటారా? అలాగైనా నిద్ర పోవాల్సిందే. కోసిన మిరపకాయను ఏ రైతూ వెంటనే టిక్కీకి ఎత్తడు. కల్లంలో ఎండబెడతాడు. తేమ ఉండగానే గుంటూరు యార్డుకు తీసుకెళ్తే ధర తెగ్గోస్తారని, బూజు పడుతుందని అతనికి తెలుసు. మీరు పగలు చదివింది కోసిన కాయ లాంటిది. అది గట్టిపడేది నిద్రలో. ఆరోజు చదివిన దాన్ని మెదడు మళ్లీ తిరగేసి, పదిలపరచుకునేది అప్పుడే. నిద్ర కోసేసి ఇంకో రెండు చాప్టర్లు చదివితే పచ్చి కాయలు ఇంకో నాలుగు బస్తాలు పోగేసినట్టే. పరీక్ష హాల్లో 'చదివాను, కానీ గుర్తు రావడం లేదు' అనే బాధ సగం అక్కడి నుంచే వస్తుంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. వరుసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి చురుకుదనంతో సమానమని 1997లోనే పరిశోధకులు చూపించారు. ఐదున్నరకు లేచిన మీకు రాత్రి పదిన్నరకే 17 గంటలు నిండిపోతాయి. బ్రాడీపేటలోనో, అరండల్‌పేటలోనో స్టడీ హాల్ నుంచి అర్ధరాత్రి బైకు మీద ఊరికి బయల్దేరే వాళ్లు ఈ లెక్క మరిచిపోవద్దు. మందు తాగి బండి నడపొద్దని ఇంట్లో చెబుతారు. నిద్రమత్తులో నడపొద్దని ఎవరూ చెప్పరు.

ఆ గంటలు ఎక్కడి నుంచి తేవాలి?

ఐదున్నరకు లేవక తప్పదు కాబట్టి, ఏడు గంటలు కావాలంటే పదిన్నరకు పడుకోవాలి. ఎనిమిదింటి నుంచి ఒంటిగంట దాకా కూర్చునే ఐదు గంటల్లో నిజంగా చదివేది ఎంతో ఒక వారం కాగితం మీద రాసి చూడండి. ఫోను, కునుకుపాట్లు, టీ, ఒకే పేజీని మూడుసార్లు చదవడం తీసేస్తే మూడున్నర గంటలు మిగిలితే గొప్ప. ఆ మూడున్నర గంటలను ఇలా సర్దుకోవచ్చు.

రాత్రి ఏడున్నర నుంచి పదింబావు దాకా మధ్యలో పావుగంట విరామంతో రెండున్నర గంటలు. లెక్కలు, రీజనింగ్ లాంటి బుర్ర పెట్టాల్సినవి ముందు. బస్సులో రానూపోనూ ఉన్న సమయంలో సగమైనా కరెంట్ అఫైర్స్, నిన్నటి నోట్సు తిరగేయడం. కాలేజీలో ఖాళీ పీరియడ్ ఒకటి. మొత్తం నాలుగు గంటలు దాటుతుంది. అంటే చదువు తగ్గలేదు, కాస్త పెరిగింది కూడా. తగ్గిందల్లా అర్ధరాత్రి రీల్స్.

ఒక్కసారిగా ఒంటిగంట నుంచి పదిన్నరకు దూకకండి, నిద్ర పట్టదు. రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరపండి. ఆదివారం కూడా లేచే వేళ గంటకు మించి మారకూడదు. వారమంతా బాకీపడి ఆదివారం పన్నెండింటి దాకా పడుకుంటే ఒంట్లోని గడియారం మళ్లీ మొదటికొస్తుంది.

సాయంత్రం నాలుగైదు తర్వాత టీ, కాఫీ మానండి. ఆరింటికి తాగిన కాఫీలోని కెఫీన్ పదకొండింటికి కూడా సగం దాకా ఒంట్లోనే ఉంటుంది. నిద్ర ఆపుకోవడానికి ఎనర్జీ డ్రింకులు తాగే అలవాటైతే అసలే వద్దు, అవి గుండె వేగాన్నీ బీపీనీ పెంచుతాయి. సిగరెట్టూ అంతే.

ఫోను మంచం దగ్గర పెట్టుకోకండి. అలారం కోసం అంటారేమో, గోడ అవతల పెట్టినా వినిపిస్తుంది. మోగినప్పుడు లేచి నడవాల్సి వస్తుంది, అది ఇంకా మంచిది. మన ఎండాకాలం రాత్రులు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. డాబా మీద దోమతెర కట్టుకుని పడుకోవడం మన పెద్దవాళ్లు చేసిందే, మనకేం నామోషీ కాదు. కల్లం కాపలా ఉన్న రోజుల్లో నాన్నా మీరూ వంతులు వేసుకోండి. ఆ మరునాడు మధ్యాహ్నం ఇరవై నిమిషాల కునుకు తీయండి. గంటల తరబడి పగటి నిద్ర మాత్రం రాత్రి నిద్రను చెడగొడుతుంది.

పరీక్షకో గ్రౌండ్‌కో వారం ముందు నుంచే ఆ రోజు లేవాల్సిన వేళకు లేవడం అలవాటు చేసుకోండి. ఉదయం షిఫ్టు అయితే, కుదిరితే ముందురోజు సాయంత్రానికే ఆ ఊరు చేరండి. బంధువుల ఇల్లో, నలుగురు కలిసి తీసుకున్న చిన్న గదో చాలు. మెడికల్ రోజు బీపీ చూసే అరగంట ముందు టీ, కాఫీ తాగొద్దు. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాకే చూపించుకోండి.

నిద్రతోనే అన్నీ నయమైపోవు

నిద్ర మందు కాదు. ఇప్పటికే బీపీ ఉండి డాక్టరు మాత్రలు రాసిస్తే, 'నేను బాగా పడుకుంటున్నాను' అని అవి మానేయకూడదు. నాన్న మాత్రలు కూడా మాన్పించకండి. ఉప్పు తగ్గించడం, నడక, పొగాకు మానడం ఇవన్నీ ఉండాల్సిందే. నిద్ర వాటికి తోడు.

బీపీ పైకి కనిపించదు. ప్రపంచంలో అధిక రక్తపోటు ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి అది ఉన్నట్టే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకే ఈ నెలలోనే ఒకసారి మీ ఊళ్లో హెల్త్ క్లినిక్‌కో, ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్లి చూపించుకోండి. పైసా ఖర్చు లేదు. 120/80 లోపు ఉంటే మంచిదే. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 దాటుతుంటే డాక్టరును కలవాలి. మధ్యలో ఉంటే అదే మీకు హెచ్చరిక, నిద్రతో సహా అలవాట్లు మార్చుకునే సమయం.

గట్టిగా గురక పెడుతూ, మధ్యమధ్యలో ఊపిరి ఆగినట్టు ఉలిక్కిపడి లేస్తూ, పగలంతా మగతగా ఉంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. దానికీ బీపీకీ దగ్గరి సంబంధం ఉంది. డాక్టరుకు చెప్పాలి. పడుకున్నా నిద్ర పట్టక, 'ఉద్యోగం రాకపోతే ఎలా' అనే ఆలోచనలే తిరుగుతుంటే మెడికల్ షాపులో నిద్రమాత్రలు కొనకండి. టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం. దిగులు చెప్పుకోవడం చిన్నతనం కాదు.

పెద్దలకూ ఒక మాట

ఇదంతా పిల్లల మీదే నెట్టేస్తే అన్యాయం. 'ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుంది' అని గొప్పగా బోర్డు పెట్టే స్టడీ హాళ్లు, తెల్లవారుజామున ఐదింటికి క్లాసు పెట్టి రాత్రి పదింటికి టెస్టు పెట్టే కోచింగ్ సెంటర్లు ఒకసారి ఆలోచించాలి. రాత్రి పదకొండుకు హాలు మూసేస్తే చదువులు ఆగిపోవు. కాలేజీలు ప్లేస్‌మెంట్ ట్రైనింగును బస్సు పిల్లలకు కూడా అందే వేళలో పెట్టాలి. నియామక బోర్డులు పరుగు పెట్టే చోట అభ్యర్థులు రాత్రి తలదాచుకోవడానికి ఒక నీడ, తాగడానికి నీళ్లు ఏర్పాటు చేస్తే ఎన్నో గుండెలకు మేలు.

అమ్మానాన్నలూ, మీరు పిల్లల్ని 'ఎంతసేపు చదివావురా?' అని రోజూ అడుగుతారు. దాంతో పాటు 'ఎంతసేపు పడుకున్నావు?' అని కూడా అడగండి. ఇంటి పనిలో కొడుకుకూ కూతురికీ సమానంగా వంతు పెట్టండి. పదిన్నరకు లైటు ఆర్పిన పిల్లను సోమరి అనకండి.

గుంటూరు జనరల్ ఆసుపత్రిలో 2016లోనే గుండె మార్పిడి ఆపరేషన్ చేశారు. మన సర్కారు దవాఖానాలో అంత పెద్ద వైద్యం జరగడం మనందరికీ గర్వమే. కానీ మీ గుండె ఆ గుమ్మం దాకా వెళ్లకుండా చూసుకోవడం అంతకన్నా తేలిక, ఖర్చూ లేదు. మీరు ఉద్యోగంలో చేరాక ముప్పై, ముప్పై ఐదేళ్లు పనిచేయాలి. ఆ జీతంతో ఇల్లు నిలబెట్టాలి, చెల్లికి చదువు చెప్పించాలి, నాన్నకు పొలం అప్పు తీర్చాలి. అన్నేళ్లూ ఆ బరువు మోయాల్సింది ఇప్పుడు మీ గుండెల్లో కొట్టుకుంటున్న ఆ పిడికెడు కండే.

మీ టైంటేబుల్ కాగితం ఒకసారి బయటకు తీయండి. అందులో అన్ని సబ్జెక్టులకూ గడులు ఉంటాయి, నిద్రకు ఉండదు. ఈరోజే ఒక గడి గీసి 'పదిన్నర నుంచి ఐదున్నర' అని రాయండి. ఒక నెల దాన్ని గట్టిగా పాటించండి. నెల మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి బీపీ చూపించుకోండి. మాక్ టెస్టు మార్కులు కూడా పక్కనే రాసుకోండి. తేడా మీకే తెలుస్తుంది.